ఖర్చీకీ కర్జుకూ మధ్య ఒక ఒత్తు

భివండీలోని శాంతి నగర్‌లో ఒక కార్ఖానా నిండా ఆడుతున్న సాంచాలను నేను ఒక్క కేకతో ఆపేశాను. లేబర్ ఆఫీసులో ఇన్‌స్పెక్టర్‌గా చేరిన కొత్త. గుమ్మంలో నిలబడి, చెయ్యెత్తి, "బంద్ కరో" అన్నాను. మరమగ్గాలన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. కార్మికులంతా నా వైపు తిరిగారు. సేట్ గద్దె దిగి ఎదురొచ్చాడు.

ఈ కథను సర్వీసంతా చెప్పుకుని తిరిగాను. రిటైరయ్యాను కాబట్టి మిగతా సగం కూడా చెబుతాను. నేను కేకేసిన క్షణానే కరెంటు పోయింది. సాంచాల చప్పుడులో నా కేక నాకే వినబడలేదు, ఇక వాళ్లకేం వినబడుతుంది.

కరెంటు వచ్చేదాకా దొరికిన నిశ్శబ్దాన్ని వదులుకోకుండా వేతనాల చట్టం మీద పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. అందరూ శ్రద్ధగా తలలూపారు. బయటికొచ్చాక ఒక పెద్దమనిషి వెంటబడి వచ్చి, "సార్, కిస్తు నెలకా, మూడు నెలలకా?" అని అడిగాడు. నన్ను బీమా అమ్మేవాడనుకున్నారు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు ఈమధ్య ఇంటికొచ్చి ఒక సంగతి అడుగుతున్నారు. పగార్ రోజుకు, అంటే జీతాల రోజుకు, ముందే పగార్ ఇచ్చే ఆప్‌లు గోదాముల్లో, కంపెనీల్లో దిగాయి కదా, అవి ఇచ్చేది అప్పా, జీతమా, వాటి మీద ఫిర్యాదు వస్తే ఎట్లా చూడాలి అని. చట్టం ఏమంటుందో మీరు నాకంటే బాగా చదివారు. నేను చెప్పగలిగింది నాకు తగిలిన దెబ్బల గురించే. ప్రమోషన్ల సంగతి రాయను. రాయడానికి పెద్దగా లేవు కూడా.

చాయ్ తాగొద్దు, పేరు అడుగు

మా మొదటి బాసు కులకర్ణి సాహెబ్. సన్నగా, పొడుగ్గా, ఎండిన చెరుకుగడలా ఉండేవాడు. ఆయన నాకు నేర్పినవి రెండే. మొదటిది, తనిఖీకి పోయిన చోట ఎవరి చాయ్ తాగొద్దు. సేట్‌దీ వద్దు, కార్మికుడిదీ వద్దు. "నోట్లో చాయ్ ఉన్నవాడు ప్రశ్న అడగలేడు" అనేవాడు. నా సర్వీసంతా ఒక్క చుక్క ముట్టలేదు. భివండీ మొత్తంలో పరాయి చాయ్ తాగని సర్కారు మనిషిని నేనొక్కడినేనని కామత్‌ఘర్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. కనీసం నేను చెప్పుకుంటాను.

రెండోది, కాగితం మీద ఏ పేరుందో చదివి ఊరుకోవద్దు, షెడ్డులో దాన్ని ఏమంటారో వినాలి.

మా బాపు సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చి కామత్‌ఘర్‌లో సాంచాలు నడిపినవాడు. కాబట్టి షెడ్డు మాటలు నాకు ఇంట్లోనే వచ్చాయి. పైసల విషయంలో అక్కడ రెండు మాటలున్నాయి. ఒకటి ఖర్చీ. సోమవారం నుంచి బుధవారం దాకా పని చేశావు, ఆ చేసిన పనికి రావలసిన దాంట్లోంచి కొంత బుధవారం నాడు చేతిలో పెట్టించుకుంటావు, మిగిలింది పగార్ రోజున. అది నీ చెమట. ముందుగా వచ్చిందేగానీ ఎవడిదో కాదు. రెండోది బాకీ. పెండ్లికో, రోగానికో సేట్ దగ్గర ఒక్కసారి పెద్ద మొత్తం ఎత్తుతావు. అది తీరేదాకా ఆ షెడ్డు వదలడానికి లేదు. ఇంకో సేట్‌కు నువ్వు కావాలంటే నీ బాకీ ఆయన కట్టి నిన్ను తీసుకుపోతాడు. బాకీ చేతులు మారుతుంది, మనిషి దాని వెంట నడుస్తాడు, మేక తాడు వెంట నడిచినట్టు.

మా ఇంట్లో అమ్మ ఈ రెండు మాటలను ఎన్నడూ కలిపి వాడలేదు. బాపు ఖర్చీ తెచ్చిన రోజు కూర వండేది. బాకీ ఎత్తిన రోజు మాట్లాడేది కాదు.

బుధవారం ప్రేమ

నా మొదటి పెద్ద కేసు బాలయ్య అనే ముకద్దం. శాంతి నగర్‌లో ఒక సేట్ కింద కార్మికుల మీద పెత్తనం వాడిది. ఖర్చీ కూడా వాడి చేతి మీదే పంచేవాడు. పంచినప్పుడల్లా తలా కొంత "చాయ్‌కి" అని తన జేబులో వేసుకుంటున్నాడని ఆఫీసుకు ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. పోయి కార్మికులను అడిగాను.

"మీ ముకద్దం పైసలు కోస్తున్నాడట గదా?"

"లేదు సార్. చాయ్‌కి మేమే ఇస్తం. మా ఇష్టంతోనే."

"ఇయ్యకుంటే?"

"ఇయ్యకుంటే ఏం గాదు సార్. ఖర్చీ రేపస్తది."

"రేపు ఇస్తడా?"

"రేపు అడుగుతే ఎల్లుండి అంటడు. గంతే. మనిషి మంచోడే."

బాలయ్యను పిలిచాను. నవ్వుతూ వచ్చాడు. చెవిలో అత్తరు దూది.

"నేనెవ్వల్ని అడుగుతలేను సార్. ఆళ్లకు నా మీద ప్రేమ."

"నీ మీద ప్రేమ బుధవారం బుధవారమే పుడతదా?"

"ఏం జేస్తం సార్. ప్రేమకు గూడ టైమ్ ఉంటది."

ఆ మాటకు నేను నవ్వకుండా గంభీరంగా చట్టం చూపించానని చాలాకాలం చెప్పాను. నవ్వాను. నవ్వు ఆపుకోలేక బయటికి పోయి నిలబడ్డాను. కానీ ఆ రోజు తెలిసింది ఈ పనిలో నాకు తెలిసిన వాటన్నిటికంటే పెద్దది. నీ కూలి ఎవడి గుప్పిట్లో ఉందో వాడికి నువ్విచ్చేది బక్షీస్ కాదు. ఎంత నవ్వుతూ ఇచ్చినా కాదు. ఇవ్వనివాడికి ఏమవుతుందో చూడండి, ఇచ్చినవాడి ఇష్టం ఎంతో తెలుస్తుంది.

పీకేసిన నల్లా

బాలయ్యను పట్టుకున్న ఊపులో నేను ఖర్చీనే పట్టుకున్నాను. పగార్ రోజుకు ముందు పైసలు ఇవ్వడం వల్లే కదా ఈ దొంగతనం, అసలు ఇవ్వడమే మానేస్తే పోతుంది కదా అనుకుని, ఆ షెడ్డులో ఇకమీదట పగార్ ఒక్కసారే, ఖర్చీ లేదు అని సేట్‌కు చెప్పి వచ్చాను. సేట్ అంత సంతోషంగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావలసింది.

పై వారం కామత్‌ఘర్‌లో మా సందులోకి రాజవ్వ వచ్చింది. సాంచాల కార్మికులకు రెండు పూటలా అన్నం పెట్టే బిస్సీ ఆమెది. నడుముకు చెంగు దోపి, మా గుమ్మం ముందు నిలబడి, మా ఆవిడ వింటుండగా మొదలుపెట్టింది.

"ఏమయ్యా, ఖర్చీ బంద్ జేసిన లాట్‌సాబువు నువ్వేనా?"

"చట్టం ప్రకారం, రాజవ్వా…"

"చట్టం అన్నం వండుతదా? ఈళ్లు బుధవారం నాకిస్తరు, నేను బేస్తారం బియ్యం తెస్త. ఇప్పుడు ఒక్కొక్కడు వడ్డీ సావుకారి దగ్గరికి ఉరుకుతుండు. వాడు చాయ్‌కి అడుగుతలేడు, చెవుల కమ్మలు అడుగుతుండు."

"బాలయ్య కోస్తుండు గదా, అందుకే…"

"బాలయ్య కోస్తె బాలయ్య చెయ్యి పట్టుకో. నా పొయ్యి ఆర్పుడేంది?"

మా ఆవిడ లోపలి నుంచి చెంబుతో నీళ్లు తెచ్చి రాజవ్వకిచ్చింది. నాకివ్వలేదు.

కులకర్ణి సాహెబ్‌తో చెబితే తలెత్తకుండా అన్నాడు: "నల్లా కారుతోందని ఫిర్యాదు వస్తే నల్లా పీకేసి వచ్చావా?" ఆయనే సేట్‌ను పిలిపించాడు. ఖర్చీ మళ్లీ మొదలైంది, ఈసారి ముకద్దం చేతి మీద కాదు, సేట్ సొంత గుమాస్తా గుమ్మం దగ్గర కూర్చుని ఇచ్చేట్టు, కోత లేకుండా. ఈ ఏర్పాటు నాదేనని తర్వాత రెండు సన్మాన సభల్లో చెప్పుకున్నాను. నేను ఆ రోజు ఫైలు మోశాను.

ఆప్‌లన్నీ నిషేధించాలి అని ఎవరైనా ఆవేశంగా అన్నప్పుడు నాకు రాజవ్వ గుర్తొస్తుంది. అవసరం బుధవారం వస్తుంది, పగార్ శనివారం వస్తుంది. ఆ మధ్య దూరాన్ని చట్టం చెరపలేదు. ఆ దారిలో కూర్చుని కోసేవాడి చెయ్యి మాత్రం పట్టుకోగలదు.

నవ్వు బొమ్మ

నా సర్వీసు చివర్లో పనంతా అంజూర్ ఫాటా వైపు మళ్లింది. సాంచాల షెడ్లు ఒక్కొక్కటి మూతపడుతుంటే గోదాములు ఒక్కొక్కటి లేచాయి. తండ్రి కామత్‌ఘర్‌లో సాంచాలు నడిపితే, బిడ్డ షేరాటో ఎక్కి అంజూర్ ఫాటాలో పెట్టెలకు టేపు వేస్తోంది. ఉద్యోగం గోదాముది కాదు, ఠేకేదారుది, అంటే మనుషులను సరఫరా చేసే కాంట్రాక్టరుది. అతని కింద పనిచేసేవాళ్లు భోజనం చేసే చోట గోడ మీద ఒక పోస్టర్ కనబడింది. "పగార్ దాకా ఆగేదెందుకు?" అని హిందీలో రాసుంది, పక్కన పళ్లన్నీ కనబడేట్టు నవ్వుతున్న పిల్ల.

అక్కడ టేపు వేస్తున్న మౌనిక అనే అమ్మాయిని తెలుగులో పలకరించాను. మా కామత్‌ఘర్ పిల్లే. ఆప్ ఎట్లా పనిచేస్తుందో తన ఫోన్‌లో చూపించింది. ఎన్ని రోజులు పని చేసిందో ఠేకేదారు దగ్గర నుంచి ఆప్‌కు తెలుస్తుంది. దాన్నిబట్టి ఇంత తీసుకోవచ్చని చూపిస్తుంది. రెండు రోజులు ఆగితే ఊరికే, ఇప్పుడే కావాలంటే రుసుము. ఆగగలిగినవాళ్లు ఆప్ దగ్గరికెందుకొస్తారు? తీసుకున్నది పగార్‌లోంచి ఠేకేదారు కోసి ఆప్‌కు కడతాడు.

"ఇది ఖర్చీయే గదా," అన్నాను.

"అవ్ సార్. ముకద్దం లేని ఖర్చీ."

చివరి పేజీలో మొహాల బొమ్మలు వరసగా వచ్చాయి. మాకు ఏమైనా ఇష్టంగా ఇస్తారా అని. పెద్ద నవ్వుకు ఎక్కువ పైసలు, చిన్న నవ్వుకు తక్కువ. ఏమీ ఇవ్వనంటే ఏడుపు మొహం, అది కూడా మూలన, గోరు పెట్టినా అందనంత చిన్నది.

చూడగానే గుర్తుపట్టాను. బాలయ్య ఎక్కడికీ పోలేదు, ఫోన్‌లో దూరాడు. నా చూపు అంత పదునైంది. ఆ పదునులోనే వేలు పెట్టి, "ఇదేంది, ఈ నవ్వు బొమ్మ?" అని నొక్కాను.

"సార్, ఏం జేసిన్రు," అంది మౌనిక. "ఖర్చీ ఎత్తిన్రు, బక్షీస్ గూడ ఇచ్చిన్రు. చూపిద్దామని తెరిచిన, తీసుకుందామని గాదు."

వెనక్కి తీసుకునే మీట కోసం ఇద్దరం వెతికాం. లేదు. నేను తనిఖీకి పోయి, తనిఖీ చేయవలసిన ఆప్‌కే ఒక ఆడపిల్ల కూలిలోంచి బక్షీస్ ఇచ్చి వచ్చిన ఇన్‌స్పెక్టర్‌ను. నా జేబులోంచి ఇస్తానంటే తీసుకోలేదు. "ఉండనియ్యి సార్, ఎప్పుడన్న పనిబడ్తది," అంది.

కోసింది, చేరలేదు

పని పడింది. కొన్ని నెలలకు ఆఫీసుకొచ్చింది, వెంట వాళ్ల బాపు సత్తయ్య. ముంబయి పక్క ఠాణేలో ఒక ఆసుపత్రిలో రక్తపరీక్షలు నేర్పుతూ జీతమిచ్చే పని మౌనికకు దొరికింది. చేరడానికి ఆ వారమే గడువు. పాత చోట పని వదిలినట్టు ఉత్తరం తేవాలి. ఠేకేదారు ఉత్తరం ఇవ్వనంటున్నాడు. "ఆప్ బాకీ కట్టి రా" అంటున్నాడు.

"బాకీ ఎక్కడిది?" అన్నాను.

"గదే సార్ తమాషా. చివరి నెల ఖర్చీ ఎత్తిన. పగార్‌ల కోసిండు. చీటీల ఉంది. కోసిన పైసలు ఆప్‌కు కట్టలేదు ఈ మనిషి. వాళ్లకూ వీళ్లకూ ఏదో హిసాబ్ పంచాయితీ. ఆప్‌వాళ్లు నన్ను అడుగుతున్నరు. ఇంటికి ఫోన్ జేస్తున్నరు. చాల్‌లో ఇరుగుపొరుగు అందరికీ తెలిసింది."

సత్తయ్య టోపీ చేతిలో నలుపుతూ అన్నాడు: "ఫోన్ నేనే ఎత్తిన సార్. బిడ్డ పైసలు ఎత్తిందా అనడిగిన్రు. ఎత్తిందన్న. అవద్దమాడుతనా?"

ఇక్కడ విషయం మీకు స్పష్టంగా ఉండాలి. మౌనిక తీసుకున్నది ఖర్చీ అయితే, అది పగార్‌లోంచి కోయడంతో ఆమె పని అయిపోయింది. కోసిన డబ్బు చేరకపోతే అది ఆప్‌కూ ఠేకేదారుకూ మధ్య తగాదా. అదే కర్జు, అంటే అప్పు అయితే, మధ్యలో ఎవడు మింగినా చివరికి ఆమె నెత్తినే. ఒక్క మాట మీద ఆ అమ్మాయి ఠాణే పోవడమో, అంజూర్ ఫాటాలో టేపు వేస్తూ ఉండిపోవడమో తేలాలి.

ఫిర్యాదు నేనే మరాఠీలో చెప్పి రాయించాను. అంత గట్టి ఫిర్యాదు మా ఆఫీసు చరిత్రలో లేదు.

ఖారీ బిస్కెట్

విచారణ మా పై అధికారి పాటిల్ మ్యాడమ్ ముందు. నా కూతురి వయసు. తక్కువ మాట్లాడుతుంది, పెన్ను తిప్పుతూ వింటుంది. ఠేకేదారు వచ్చాడు. ఆప్ కంపెనీ తరఫున ముంబయి నుంచి ఇస్త్రీ చొక్కా కుర్రాడొకడు వచ్చాడు, చాలా మర్యాదస్థుడు. నన్ను "అంకుల్" అన్నాడు, అక్కడే నాకు నచ్చలేదు.

కుర్రాడు ల్యాప్‌టాప్ తెరిచి సత్తయ్యతో జరిగిన ఫోన్ మాటలు వినిపించాడు. మౌనిక తీసుకుందా అని ఒక ఆడగొంతు అడిగింది. సత్తయ్య గొంతు హిందీలో జవాబిచ్చింది: "హా జీ, బేటీ కర్చీ లియా."

"విన్నారుగా మ్యాడమ్, కర్జ్ లియా అంటున్నాడు. తండ్రే ఒప్పుకున్నాడు," అన్నాడు కుర్రాడు.

సత్తయ్య మొహం పాలిపోయింది. వెనక కుర్చీలో మౌనిక చెయ్యి పట్టుకుని, "నేనేనా బిడ్డా నిన్ను ముంచింది," అని మెల్లగా అనడం నాకు వినబడింది.

నేను లేచాను. ఇదే నా ఘడియ. మా తెలుగువాళ్ల నాలుకకు ఒత్తు తిరగదని, ఖర్చీ మా నోట కర్చీ అవుతుందని, మరాఠీ చెవికి అది కర్జ్‌లా తగులుతుందని, ఈ మనిషి అన్నది ఖర్చీ అని వివరంగా చెప్పాను.

కుర్రాడు ఒక కాగితం తీశాడు. "కానీ అంకుల్, మీ ఫిర్యాదులో కూడా కర్జ్ అనే ఉంది. కింద మీ సంతకం."

మ్యాడమ్ కాగితం తీసుకుంది. నిజమే. అర్జీదారు కర్జు తీసుకుంది అని స్పష్టంగా ఉంది. టైపు చేసింది మరాఠీ అమ్మాయి, చెప్పింది నేను. నేను చెప్పింది ఖర్చీ, ఆమెకు వినబడింది కర్జ్. కళ్లజోడు ఇంట్లో మరిచి సంతకం పెట్టాను. ఇన్నేళ్లు మరాఠీ ఆఫీసులో పనిచేసి, సత్తయ్య నాలుకే నాదీ అని ఆ గదిలో తెలుసుకున్నాను.

పాటిల్ మ్యాడమ్ పెన్ను ఆపింది. "సాహెబ్, చాయ్‌లో ముంచుకునే బిస్కెట్ పేరు చెప్పండి. ఖారీ."

"కారీ," అన్నాను.

"ఖాలీ."

"కాలీ."

ఠేకేదారు కూడా నవ్వాడు. వెనక నుంచి మౌనిక లేచి నిలబడింది. మరాఠీలో మాట్లాడింది, దాని అర్థం ఇది: "మ్యాడమ్, ఖర్చీ. నేను మరాఠీ బడిలో చదివాను, నాకు ఒత్తు వస్తుంది. మా నాన్నకు రాదు, సార్‌కూ రాదు. కర్జు తీసుకుంటే పరాయి పైసా. నేను తీసుకున్నది నేను పెట్టెలు కట్టిన పైసా."

మ్యాడమ్ ఆమెను కూర్చోమని, కుర్రాడిని ఆప్ తెరవమంది. మొదటి పేజీలో చిన్న అక్షరాల నిబంధనలు పైకి చదవమంది. చదివాడు. మధ్యలో ఒక వాక్యం దగ్గర గొంతు తగ్గింది. గట్టిగా చదవమంది మ్యాడమ్. "ఇది అప్పు కాదు. మీరు సంపాదించుకున్న వేతనాన్ని మీరే ముందుగా తీసుకునే సౌకర్యం."

అప్పుడు, నేను చాలా సభల్లో నా మాటగా చెప్పిన మాట వినబడింది: "అప్పు కాదంటే ఈమె మీకు బాకీ లేదు. అప్పే అంటే అప్పులిచ్చే అనుమతి పత్రం బల్ల మీద పెట్టండి, వడ్డీ ఏడాదికి ఎంత పడుతుందో ఈమెకు చూపిన కాగితం పెట్టండి, ఇంటికి ఫోన్లు చేయడానికి మీకున్న హక్కు పెట్టండి. రెంటిలో ఒకటి ఎంచుకోండి. సర్కారు ముందు ఖర్చీ, ఆడపిల్ల ముందు కర్జు కుదరదు." ఆ మాట అన్నది పాటిల్ మ్యాడమ్. నేనప్పుడు ఇంకా నాలుక మడిచి ఖ అనడానికి ప్రయత్నిస్తున్నాను.

కుర్రాడు బయటికి పోయి ఎవరితోనో చాలాసేపు ఫోన్‌లో మాట్లాడాడు. తిరిగొచ్చి, ఆమె నుంచి రావలసింది ఏమీ లేదని రాసిచ్చాడు. ఫోన్లు ఆపుతామన్నాడు. కోసిన డబ్బు సంగతి నువ్వూ ఆప్‌వాళ్లూ చూసుకోండని మ్యాడమ్ ఠేకేదారుకు చెప్పింది. ఉత్తరం మరుసటి రోజే ఇవ్వాలంది.

అన్నీ గెలిచామని రాయాలని ఉంది. రుసుములు తిరిగి రాలేదు. బక్షీస్ అసలే రాలేదు. "అవి వారు ఇష్టపూర్వకంగా ఇచ్చినవి" అన్నాడు కుర్రాడు. అందులో ఒకటి నేను ఇష్టపూర్వకంగా ఇచ్చిందే కాబట్టి నోరు మెదపలేదు.

నా మాటగా రాసుకోండి

నేను దిగిపోయేనాటికి ఈ ఆప్‌లకని విడిగా ఒక చట్టం లేదు. కూలి చట్టం ఒక చెయ్యి, అప్పుల నియమాలు ఒక చెయ్యి, వినియోగదారు చట్టం ఒక చెయ్యి పట్టుకుని లాగుతున్నాయి. మధ్యలోంచి ఆప్ జారిపోతోంది. చట్టం వచ్చేదాకా మీరు చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు.

ఫిర్యాదు వస్తే ముందు ఒక్కటి అడగండి: ఠేకేదారు కట్టకపోతే ఎవరి వెంట పడతారు? కార్మికుడి వెంట పడితే అది అప్పే, వాళ్లు ఏ పేరు పెట్టుకున్నా సరే. ఆ తర్వాత రుసుము సంగతి. ఒక్కసారికి చాయ్ ఖరీదే అంటారు. నిజమే. కానీ చిన్న మొత్తం మీద, వారం రోజుల కోసం, నెలకు నాలుగుసార్లు ఆ చాయ్ తాగితే సావుకారి కూడా సిగ్గుపడతాడు. దాన్ని ఏడాది వడ్డీలా చెప్పి చూపిస్తేనే మనిషికి అర్థమవుతుంది. నన్నడిగితే ఆ రుసుము యజమాని కట్టాలి. పగార్ ఆలస్యంగా ఇచ్చి, చేసిన పని విలువను నెలంతా వాడుకునేది ఆయన. కూలివాడి పైసా కూలివాడికి ఇవ్వడానికి కూలివాడే కిరాయి కట్టడమేమిటి?

నవ్వు బొమ్మలు తీసేయించండి. ఏడుపు బొమ్మ ఉంటే ఉండనివ్వండి, అది నిజం చెబుతోంది.

ఒకటి మాత్రం మరవొద్దు. ఆప్ వచ్చాక ముకద్దం ముందు నిలబడి బతిమాలే పని పోయిందని మౌనికే నాతో అంది. అది చిన్న సంగతి కాదు. మా బాపు బతిమాలడం చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. నల్లా పీకొద్దు.

ఇంకొకటి. టైపు చేసిన కాగితం చదివి సంతకం పెట్టండి. కళ్లజోడు పెట్టుకుని.

ఉత్తరం

మరుసటి రోజు ఉత్తరం తీసుకోవడానికి నేనూ వెళ్లాను, ఠేకేదారు మళ్లీ ఏమైనా మెలిక పెడతాడేమోనని. పెట్టలేదు. మౌనిక గోదాము గేటులోంచి కాగితం పట్టుకుని బయటికొచ్చింది, రోడ్డు దాటి ఇవతల లారీల మధ్య నిలబడి ఉన్న మా దగ్గరికొచ్చి, చదివి వినిపించింది. చదివినంతసేపూ సత్తయ్య ఆమె మొహం చూడలేదు, కాగితాన్నే చూశాడు.

"బాకీ అని ఏడన్న ఉందా బిడ్డా?"

"లేదు బాపూ."

"సరింగ సూడు."

"చూసిన. లేదు."

సత్తయ్య నా వైపు తిరిగాడు. "మా తాత బాకీ మా బాపు మోసిండు సార్. మా బాపుది నేను మోసిన. సేట్ మారినప్పుడల్ల బాకీ ముందట, నేను ఎనుక. మా ఇంట్ల పని ఇడిసి చేతులూపుకుంట పోయే మనిషిని ఇప్పుడే సూస్తున్న."

దీనికి నేనేమన్నానో పెంచి రాద్దామని చాలాసేపు కూర్చున్నాను. చేసింది మాత్రం, కాగితం తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని, నేనూ ఒకసారి చదవడమే.

పక్కన చాయ్ టపరీ ఉంది. సత్తయ్య అటు నడిచి, "మూడు చాయ్, మూడు కారీ," అని చెప్పాడు.

"ఖారీ," అంది మౌనిక.

"అదే, కారీ."

గ్లాసు నా చేతిలో పెట్టాడు. ఫిర్యాదు చేసినామె తండ్రి చాయ్, ఇంకా సర్వీసులో ఉన్న నాకు, గోదాము గేటు ఎదురుగా, ఠేకేదారు చూస్తుండగా. కులకర్ణి సాహెబ్ ఉంటే ఏమనేవాడో తెలుసు.

నా సర్వీసంతా పరాయి చాయ్ ఒక్క చుక్క ముట్టలేదని మొదట్లో రాశాను కదా. అది కొట్టేయండి. ఒకటి తాగాను. ఖారీ కూడా తిన్నాను.